ఒక ‘అయినా’

పన్నెండేళ్ళకు పైగా నేను ప్రతి ఏడాదీ ఒకే వాక్యాన్ని పిల్లల చేత రాయించాను: “మధురవాణి వేశ్య అయినా ఉత్తమ గుణాలు గల స్త్రీ.”

ఉత్తరాంధ్రలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. రెండో ఏడాది పిల్లలకు ‘కన్యాశుల్కం’ పాఠ్యపుస్తకం. విజయనగరానికి బస్సులో గంట దూరం మా కాలేజీ. గురజాడ అప్పారావు గారు నడిచిన వీధులు, ఆ నాటకం 1892లో మొదటిసారి ఆడిన ఊరు మాకు అంత దగ్గర. అందుకే ఆ నాటకం మాదేనన్న ధీమా నాకు ఉండేది. ఒక్కో పాత్ర గురించి ఒకటిన్నర పేజీ చొప్పున నోట్సు తయారుచేసి పెట్టుకున్నాను. మధురవాణి మీద నోట్సు ఆ వాక్యంతోనే మొదలయ్యేది. పిల్లలు దాన్ని బట్టీపట్టి పరీక్షలో రాసేవారు. పేపర్లు దిద్దేటప్పుడు ఆ వాక్యం కనబడగానే ఎర్ర సిరాతో ఒక టిక్కు పెట్టి ముందుకు వెళ్ళేవాణ్ణి.

పదమూడో ఏడు ఒక అమ్మాయి లేచి నిలబడింది.

“మాస్టారూ, అక్కడ ‘అయినా’ ఎందుకండీ?”

నాకు ప్రశ్న అర్థం కాలేదు. “ఎక్కడమ్మా?” అన్నాను.

“వేశ్య అయినా మంచిది అని రాయించారు కదండీ. రామప్ప పంతులు దగ్గర ‘పంతులు అయినా చెడ్డవాడు’ అని రాయించలేదండి.”

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. క్లాసులో అరవై మంది ఉన్నారు. గంట కొట్టడానికి పది నిమిషాలుంది, నాకింకా సౌజన్యారావు పంతులు గురించి చెప్పవలసి ఉంది. “వ్యాకరణం ప్రకారం వాక్యం సరిగ్గానే ఉంది. కూర్చోమ్మా” అన్నాను. ఆమె కూర్చుంది. నేను పాఠం కొనసాగించాను.

నా మొదటి తప్పు అది. అయితే అది అక్కడితో ఆగిపోయి ఉంటే ఇప్పుడిది రాసేవాణ్ణి కాను.

నెల తర్వాత ఇంటర్నల్ పరీక్ష పెట్టాం. మధురవాణి పాత్రచిత్రణకు పది మార్కులు. ఆ అమ్మాయి పేపరు తిరగేస్తే నా నోట్సులోంచి ఒక్క ముక్క కూడా లేదు. ఆమె రాసిన మొదటి నాలుగు వాక్యాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. “లుబ్ధావధాన్లు వేదం చదువుకున్నవాడు అయినా ముసలితనంలో పసిపిల్లను కొనుక్కోబోయాడు. అగ్నిహోత్రావధాన్లు కన్నతండ్రి అయినా కూతుళ్ళను అమ్ముకున్నాడు. రామప్ప పంతులు ఊళ్ళో పెద్దమనిషి అయినా అబద్ధాల మీద బతికాడు. మధురవాణి తెలివైనది, దయగలది.”

నాలుగో వాక్యంలో ‘అయినా’ లేదు. ఉండవలసిన అవసరం లేదని చెప్పడానికే ఆ అమ్మాయి ముందు మూడు వాక్యాలూ అలా రాసింది. ఆ పేపరు చదివిన రోజు నాకది తోచలేదు. “ప్రశ్నకు సంబంధం లేదు” అని పక్కన ఎర్ర సిరాతో రాశాను. పదికి రెండు మార్కులు వేశాను.

ఆ తర్వాత ఆ అమ్మాయి నా క్లాసుకు రావడం తగ్గించింది. మూడో ఏడాది మొదట్లో టీసీ తీసుకుని వేరే ఊరు వెళ్ళిపోయింది. సంతకం కోసం కాగితం నా ముందుకు వస్తే పేరు చూసి సంతకం పెట్టాను. ఎందుకు వెళ్తోందని అడగలేదు.

కారణం ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమె స్నేహితురాలి నోట తెలిసింది. ఆమె అమ్మమ్మగారిది ఒకప్పటి కళావంతుల కుటుంబం, అంటే జనం సానులనే కుటుంబం. ఆ సంగతి ఊళ్ళో పాతవాళ్ళకు తెలుసు, పిల్లలకు తెలియదు. నా పాఠం తర్వాత ఎవరో ఇంట్లో అడిగి తెలుసుకున్నారు. అప్పటినుంచి ఆమె వరండాలో నడుస్తుంటే మగపిల్లలు నా వాక్యాన్ని పాటలా అనేవారట. నేను రాయించినదాన్నే, ఒక్క అక్షరం మార్చకుండా. క్లాసులో లేచి అడగడానికి ముందే రెండు వారాలుగా ఆమె అది వింటోంది. ఆమె వ్యాకరణం అడగలేదు. ఆ రాయి ఎక్కణ్ణుంచి వచ్చిందో, అది విసిరిన చెయ్యి ఎవరిదో నాకు చూపించింది. నేను కూర్చోమన్నాను.

ఆ రాత్రి కన్యాశుల్కాన్ని మళ్ళీ మొదటినుంచి చదివాను. పాఠం చెప్పడానికి కాక నా కోసం చదవడం అదే మొదటిసారేమో. పక్కన నా నోట్సు పెట్టుకుని, గురజాడ ఏం చేశారో, నేనేం రాయించానో పోల్చుకుంటూ వెళ్ళాను. నాటకం మీద నాకు ఉన్నాయనుకున్న అభిప్రాయాల్లో చాలా భాగం నాటకంలోంచి వచ్చినవి కావని తెలిసింది. అవి నేను వాడిన మాటల్లోంచి వచ్చాయి. ఆ మాటలు మా ఇంట్లోంచి, మా వీధిలోంచి వచ్చాయి.

ముందుగా ముగ్గురు వితంతువుల సంగతి. ఈ నాటకంలో బుచ్చమ్మ, మీనాక్షి, పూటకూళ్ళమ్మ ముగ్గురూ భర్త పోయినవాళ్ళే. నా నోట్సులో బుచ్చమ్మ ‘అమాయకురాలు’, మీనాక్షి ‘చెడిపోయినది’, పూటకూళ్ళమ్మ ‘గయ్యాళి’. వాళ్ళు పడ్డ కష్టం ఒకటే అయినప్పుడు మాటలు ఎందుకు మారాయి? బుచ్చమ్మకు ఇంకా పుట్టింటి నీడ ఉంది. మీనాక్షికి తండ్రి ఇల్లున్నా ఆ ఇంట్లో నోరు లేదు. పూటకూళ్ళమ్మ పదిమందికీ అన్నం వండిపెట్టి తన డబ్బు తను సంపాదించుకుంటుంది, కనుక ఎదురు తిరిగి మాట్లాడగలదు, చీపురు తియ్యగలదు. వాళ్ళ గుణాలకు పెట్టాననుకున్న పేర్లు నిజానికి వాళ్ళ బతుకుతెరువులకు పెట్టిన పేర్లు. తనను మోసం చేసి డబ్బు తిన్న గిరీశాన్ని వెతుక్కుంటూ వచ్చిన మనిషి గయ్యాళి ఎలా అవుతుంది? అదే పని ఒక షావుకారు చేస్తే బాకీ వసూలు అంటాం.

తర్వాత మీనాక్షి, రామప్ప పంతులు. ఇద్దరి మధ్య నడిచింది ఒకే వ్యవహారం. మీనాక్షికి నేను రాయించిన మాట ‘చెడిపోయినది’. రామప్ప పంతులుకు రాయించింది ‘రసికుడు, కుటిలుడు’. రసికుడంటే రసం తెలిసినవాడు, కావ్యం చదివి ఆనందించగలిగినవాడు. ఒక ఆడమనిషిని వాడుకుని, పెళ్ళి మాట వచ్చేసరికి తప్పించుకున్నవాడికి నేను కావ్యశాస్త్రంలోంచి బిరుదు తెచ్చి ఇచ్చాను. ‘చెడిపోవడం’ పాలకూ కూరకూ వాడే మాట. మగపిల్లలు చెడిపోయారని కూడా అంటాం, కానీ వాళ్ళ విషయంలో ఆ మాటకు వెనకదారి ఉంది. “చెడిపోయాడు కానీ బాగుపడ్డాడు” అని ఎన్నోసార్లు విన్నాను. చెడిపోయిందని ఒకసారి అన్న ఆడపిల్లను తర్వాత బాగుపడిందని ఎవరైనా అనగా నేను వినలేదు. మాటే తలుపు మూసేస్తుంది.

అక్కణ్ణుంచి నిఘంటువు దగ్గరికి వెళ్ళాను. నేను తెలుగు పండితుణ్ణి. ఈ మాటల పుట్టుకలు నాకు తెలియనివి కావు. పరీక్షకు చదివాను, పిల్లలకు తద్భవాల పాఠంలో చెప్పాను. వాటిని వరసగా పెట్టి ఎప్పుడూ చూడలేదు, అంతే.

‘విధవ’ నుంచి వచ్చింది ‘వెధవ’. భర్త పోవడం ఆమె తప్పు కాదు, అది ఆమెకు జరిగిన నష్టం. ఆ నష్టం పేరే మన భాషలో పనికిమాలినవాడికి తిట్టు అయింది. ‘ముండ’ గుండు చేయించిన తలను సూచించే మాట. పసితనంలో పెళ్ళి చేసింది ఒకరు, తల గొరిగించింది మరొకరు, తిట్టు మాత్రం ఆమె పేరు మీద మిగిలింది. ‘సాని’ అనేది ‘స్వామిని’కి వికృతి. యజమానురాలు, రాణి అని దాని అర్థం. ‘దొరసాని’లో ఆ గౌరవం ఇప్పటికీ ఉంది. అదే సాని దొర పక్కన లేకుండా ఒక్కతే నిలబడితే తిట్టు.

‘నీచం’ అంటే మొదట కింద ఉన్నది. ‘ఉత్తమం’ పైన ఉన్నది. ‘కులీనుడు’ మంచి కులంలో పుట్టినవాడు, అంచేత మంచివాడు. ‘గ్రామ్యం’ పల్లెలో పుట్టిన మాట, అంచేత తప్పు మాట. ‘నాగరికం’ నగరానిది, అంచేత సంస్కారం గలది. ‘మర్యాద’ అంటే హద్దు, సరిహద్దు. ఎవరి హద్దులో వాళ్ళు ఉండటమే మంచితనమని ఆ మాట చెబుతోంది. ‘సంసారపక్షం’ అంటే ఇల్లాలి పక్షం, కనుక బాగున్నది. చీర కూడా సంసారపక్షంగా ఉందంటాం. ఇక అన్నం మాడినా, రోడ్డు గుంటలు పడినా, సినిమా బాగా లేకపోయినా మనం అనే ‘చండాలం’ మాట మనుషులను ఊరి బయట ఉంచిన కులం పేరు. ఆ మాట నా నోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేను. క్లాసులో దళిత విద్యార్థులు కూర్చుని ఉండగా, పిల్లల చేతిరాతను ఆ మాటతో తిట్టేవాణ్ణి.

ఇలా వరసగా రాసుకుంటూ పోయాక నాకు ఒకటి అర్థమైంది. మన తెలుగులో మంచిచెడ్డలు చెప్పే మాటల్లో చాలా వాటికి అడుగున అంతస్తు ఉంది. ఎవరు ఎక్కడ పుట్టారు, ఏం చేసి బతుకుతున్నారు, మగతోడు ఉందా లేదా అన్నవి ఆ మాటల్లో ముందే తీర్పు చెప్పి ఉంచాయి. నాటకం గురించి మాట్లాడటానికి నేను నోరు తెరవకముందే ఆ తీర్పు నా నాలుక మీద ఉంది. గురజాడ రాసింది ఆ తీర్పును తిరగదోడే నాటకం. నేను పాత తీర్పు భాషలోనే దానికి సారాంశం రాయించాను.

మా పెద్ద మేనత్త గురించి ఇక్కడ చెప్పాలి. తొమ్మిదో ఏట పెళ్ళి, పన్నెండో ఏట వైధవ్యం. నేను ఎరిగేనాటికి ఆమెకు యాభై దాటాయి. తెల్లబట్ట తల మీదికి లాక్కుని వంటింట్లో తిరుగుతూ ఉండేది. మా నాన్న నన్ను కోప్పడితే మొదట వచ్చే మాట “వెధవా!” ఆయన అది అంటున్నప్పుడు అత్త పక్కగదిలోనే చల్ల చిలుకుతూ ఉండేది. ఆ మాట వినబడినప్పుడు ఆమె చేతిలో కవ్వం ఆగేదా? నాకు తెలియదు. నేను ఎప్పుడూ అటు చూడలేదు. పెద్దయ్యాక ముద్దొచ్చిన పిల్లవాణ్ణి నేనూ అదే మాటతో పిలిచాను, ఆమె ముందే. చనిపోయేవరకూ ఆమె దాని గురించి ఏమీ అనలేదు. బుచ్చమ్మ పాత్ర చెబుతూ బాలవితంతువుల దుస్థితి అని బోర్డు మీద శీర్షిక రాసిన మనిషిని నేను. మా ఇంట్లోని బాలవితంతువును నేను పేరు పెట్టి తలుచుకున్నదే లేదు.

ఇలాంటిది పెద్దవాళ్ళకూ జరిగింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన ధైర్యశాలి. ఆయన లేకపోతే గురజాడకు ముందు దారే లేదు. అంతటి ఆయన కూడా కవుల చరిత్ర రాస్తూ, తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని దగ్గరికి వచ్చేసరికి కావ్యం కన్నా ముందు ఆమె పుట్టుకను చూశారు. ఆమె రాసిన శృంగారాన్ని ఆమె వృత్తికి కట్టి నిందించారు. దానికి జవాబుగా బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని కావ్యం ‘రాధికా సాంత్వనము’ను పూర్తిగా సంపాదించి 1910లో అచ్చువేయించారు. మగకవులు అంతకన్నా పచ్చిగా రాస్తే ప్రబంధమని మెచ్చుకున్నవాళ్ళు ఆడకవి రాస్తే సిగ్గులేనితనం అనడం ఏం న్యాయమని ఆమె అడిగారు. ఆమెదీ కళావంతుల కుటుంబమే. ఆ పుస్తకాన్ని తర్వాత ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి హయాంలో గానీ ఆ నిషేధం తొలగలేదు. మా క్లాసులో లేచిన అమ్మాయి అడిగిందీ నాగరత్నమ్మ అడిగిందీ ఒకే ప్రశ్న. కన్యాశుల్కం రెండో కూర్పు 1909లో వచ్చింది, నాగరత్నమ్మ పుస్తకం ఆ మరుసటి ఏడే వచ్చింది. రెండూ నేను చదివాను. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించడానికి నాకు ఒక విద్యార్థిని కాలేజీ విడిచి వెళ్ళవలసి వచ్చింది.

అంతస్తును బట్టి తీర్పు చెప్పే ఆ చిక్కును గురజాడ చూశారని ఇప్పుడు నమ్ముతున్నాను. ఆయన నాటకంలో రెండు బేరాలు నడుస్తాయి. ఒకటి అగ్రహారంలో జరిగేది. పిల్లకు వెల కట్టి, తండ్రికి రూపాయలు ముట్టజెప్పి, ముసలివాడికి కట్టబెట్టడం. దానికి మంత్రాలున్నాయి, మేళం ఉంది, ‘శుల్కం’ అనే సంస్కృతం పేరుంది. అలా వెల ఇచ్చి పిల్లను తెచ్చుకోవడం కింది కులాల్లో ఉంటే ‘ఓలి’ అన్నారు. పని ఒకటే, అంతస్తును బట్టి పేరు మారింది. రెండో బేరం మధురవాణి ఇంట్లో జరిగేది. దానికి పేరు ‘వ్యభిచారం’. మొదటి బేరంలో పసిపిల్లకు ఏమీ తెలియదు, ఆమెను ఎవరూ అడగరు, రూపాయి ఆమెకు రాదు. రెండో బేరంలో మధురవాణి తన ఇంటికి తనే యజమాని. రెండింట్లో దేన్ని పాపమన్నాం, దేన్ని ఆచారమన్నాం? విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖపట్నం జిల్లాలో ఇలాంటి బ్రాహ్మణ వివాహాల లెక్క తీయించారు. మూడేళ్ళలో 1,034 అని తేలింది. మొదటి కూర్పుకు రాసిన ఇంగ్లీషు ముందుమాటలో గురజాడ ఆ సంఖ్య ఇచ్చారు. అన్ని ఇళ్ళలో జరిగిన దాన్ని ఎవరూ నీచం అనలేదు. ఆ మాట సానివాడల కోసం దాచిపెట్టారు.

అందుకే ఆయన పసిపిల్ల పెళ్ళిని ఆపే పని మధురవాణి చేతికి ఇచ్చారు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టడానికి వస్తే, అగ్నిహోత్రావధాన్లు చిన్నకూతురు సుబ్బిని కాపాడటం కోసం ఆమె తన తెలివినీ తన నగనూ ఒడ్డింది. చివర్లో చెయ్యని హత్యకు లుబ్ధావధాన్లు ఇరుక్కుంటే బయటపడేసే మాట కూడా ఆమె నోటినుంచే వచ్చింది. లాయరు సౌజన్యారావు పంతులు ఉత్తముడు, నిజమే. కానీ వేశ్యలను తాకనని పట్టిన వ్రతం, ఒక నిర్దోషి ప్రాణం కోసం విడవడానికి ఆయన సిద్ధపడ్డ క్షణాన, ఆ వ్రతాన్ని నిలబెట్టింది మధురవాణే. చేతికి వచ్చిన పంతాన్ని వదులుకుని ఆయన మాటను ఆయనకు మిగిల్చింది. ఆయన ఇంట్లో ఆ రాత్రి పెద్దమనిషి ఎవరు? ఆ ప్రశ్న పాఠకుడి గుండెలో వెయ్యడానికే గురజాడ ఇంత నాటకం నడిపించారు. నేను “వేశ్య అయినా” అని రాయించి ఆ ప్రశ్నను తుడిచేశాను. ‘అయినా’ అంటే, మామూలుగా అలాంటివాళ్ళు మంచివాళ్ళు కారు, ఈమె ఒక్కతీ మినహాయింపు అని. మినహాయింపు చేస్తే నియమం చెక్కుచెదరదు. ఆ నియమాన్ని ఏటా అరవైమంది చేత రాయించాను.

ఇంకొక తప్పు కూడా చెప్పుకోవాలి. ఒక ఏడాది వార్షికోత్సవానికి నాటకంలోంచి రెండు రంగాలు వేయించాను. లుబ్ధావధాన్లు పాలేరు అసిరి వేషం శ్రీకాకుళం వైపు పల్లెనుంచి వచ్చిన కుర్రాడికి ఇచ్చాను. అతను తన ఇంటి మాట మాట్లాడినంత హాయిగా ఆ మాటలు పలికాడు. “ఇంకా మోటుగా పలకరా, అప్పుడే నవ్వుతారు” అన్నాను. పలికాడు. జనం పగలబడి నవ్వారు. మొదటి వరసలో వాళ్ళ అమ్మా నాన్నా కూర్చున్నారు. వాళ్ళు మాట్లాడేది ఆ మాటే. మరుసటి ఏడు వేషానికి పిలిస్తే అతను రాలేదు. గురజాడ ఒక్కో పాత్రకూ దాని నోటిమాట ఇచ్చింది ఎవరినీ నవ్వులపాలు చెయ్యడానికి కాదు. పల్లెమాటను ‘గ్రామ్యం’ అని తోసేసేవాళ్ళ మీద గిడుగు రామమూర్తి గారితో కలిసి ఆయన పోరాడారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతిని పత్రంగా రాసి ఇచ్చారు. ఆయన నాటకాన్ని చేతిలో పెట్టుకుని నేను ‘మోటు’ అన్నాను.

కన్యాశుల్కాన్ని అలా మళ్ళీ చదివిన తర్వాతి ఏడు నుంచి పాత నోట్సు పక్కన పెట్టాను. బోర్డు మీద మూడు గడులు గీసేవాణ్ణి. మొదటి గడిలో మనిషి ఎక్కడున్నాడో చెప్పే మాటలు: కులం, వృత్తి, ఆస్తి, చదువు, హోదా, మగతోడు, బతుకుతెరువు. రెండో గడిలో మనిషి ఏం చేశాడో చెప్పే మాటలు: మోసం, జాలి, అబద్ధం, మాట నిలబెట్టుకోవడం, పిరికితనం, ఓర్పు, దురాశ, తెగింపు, బాధ్యత. మూడో గడిలో ఈ రెండూ కలిసిపోయిన మాటలు: పరువు, మర్యాద, పెద్దమనిషి, సంసారి, నీచం, లేకి, అలగా, చెడిపోవడం, రసికుడు. పాత్ర గురించి రాసేటప్పుడు మొదటి గడిలో మాట వాడితే వాడండి, అది సమాచారం అని చెప్పేవాణ్ణి. మధురవాణి వృత్తి దాచవలసిన పని లేదు. గురజాడ దాచలేదు. తీర్పు చెప్పాలంటే మాత్రం రెండో గడిలోంచే మాట తెచ్చుకోండి. మూడో గడిలో మాట వాడాలనిపిస్తే ఒక్క క్షణం ఆగి, అది ఎవరు ఎవరిని అన్న మాట, దాని వల్ల ఎవరికి లాభం అని అడగండి. పరువు పోతుందని రామప్ప పంతులు భయపడ్డాడని రాయవచ్చు, ఎందుకంటే ఆ భయం పాత్రది. రామప్ప పంతులు పరువుగల మనిషి అని రాస్తే ఆ తీర్పు మనదవుతుంది.

‘అయినా’, ‘కూడా’, ‘సైతం’, ‘మాత్రం’ లాంటి చిన్నమాటలకు ఇంకో పరీక్ష పెట్టుకున్నాం. పాత్రను మార్చి వాక్యాన్ని మళ్ళీ రాయాలి. “పాలేరు అయినా నిజం చెప్పాడు” అని రాస్తే, “అవధాని అయినా నిజం చెప్పాడు” అని మార్చి చదవాలి. రెండోది విని చెవి ఉలిక్కిపడితే, మొదటిదానిలో మనం దాచిన నమ్మకం బయటపడుతుంది. ఈ పరీక్ష నేను కనిపెట్టింది కాదు. నేను రెండు మార్కులు వేసిన పేపరులో ఉంది.

పిల్లలు మొదట ఇబ్బంది పడ్డారు. బట్టీపట్టడానికి ఏమీ లేదని కొందరు గొడవ చేశారు. అయితే నెమ్మదిగా వాళ్ళ వాక్యాలు మారాయి. మీనాక్షి గురించి ఒక కుర్రాడు “ఆమెకు వెళ్ళడానికి చోటు లేదు” అని రాశాడు. నా పాత నోట్సు పేజీన్నరలో అంత నిజం లేదు.

ఆ అమ్మాయిని మళ్ళీ చూసింది పదకొండేళ్ళ తర్వాత. ఏదో కాగితం మీద సంతకం కోసం కాలేజీ ఆఫీసుకు వచ్చింది. నేనే వరండాలోకి వెళ్ళి పలకరించాను. ఇన్నేళ్ళూ మనసులో కూర్చుకున్న మాటలు ఆ క్షణాన రాలేదు. “నీకు మార్కులు తగ్గించడం నా తప్పమ్మా. నన్ను క్షమించు” అని మాత్రం అన్నాను.

ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది. “మార్కుల గురించి నేను బాధపడలేదండి, మాస్టారూ. ఆ పిల్లలు అన్నదానికి కూడా కాదండి, వాళ్ళకు మీరు నేర్పిందే వచ్చు. మీరు చదివారు కదండీ నేను రాసింది. చదివి కూడా ప్రశ్నకు సంబంధం లేదని రాశారు. అది మర్చిపోలేకపోయానండి.”

క్షమించానని ఆమె అనలేదు. అనాలని అడిగే హక్కు నాకు లేదు. కాగితం మీద సంతకం అయ్యాక నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ పేపరు ఇక దొరకదు. ఇంటర్నల్ పేపర్లు కొన్నాళ్ళు ఉంచి తూకానికి ఇచ్చేస్తారు. కానీ నాకు అందులోని నాలుగు వాక్యాలూ కంఠతా వచ్చు. నా రిటైర్మెంటు రోజు వరకూ ప్రతి ఏడాదీ మధురవాణి పాఠం మొదలుపెట్టేటప్పుడు వాటిని బోర్డు మీద రాశాను. పాత విద్యార్థిని రాసిన జవాబు ఇది, దీనికి నేను పదికి రెండు వేశాను, ఎందుకు తప్పు చేశానో ఈ నెల రోజులూ మీరు నాకు చెప్పాలి అని మొదలుపెట్టేవాణ్ణి. ఆమె పేరు చెప్పలేదు. నాలుగో వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఏటా ఎవరో ఒకరు చెయ్యెత్తేవారు. ‘అయినా’ ఇక్కడ ఎందుకు లేదండీ అని.

కూర్చోమనలేదు. ముందుకు వచ్చి మిగతావాళ్ళకు చెప్పమన్నాను.